నీళ్ల దయ్యానికి గొంతు

“భయం రావట్లేదు డానియేలు,” అన్నాడు డైరెక్టర్ జగదీశ్వర్, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ. “మునిగిపోయిన ఊరు. నీళ్ల అడుగున దయ్యం. అది కనపడదు, వినపడాలి. నువ్వేమో ముప్పై వయొలిన్లు పెట్టి పెళ్లి ఊరేగింపు తీయించావు.”

“ఆదివారం దాకా టైమివ్వండి సార్.”

“సరే. ఆదివారం ఆ సీను మామూలు జనానికి చూపిద్దాం, పది నిమిషాలు. సినిమావాళ్లు వద్దు, వాళ్లు దేనికీ బెదరరు. జనం జడుసుకుంటే సినిమా నీదే. లేకపోతే సోమవారం నుంచి ఇంకొకరు కూర్చుంటారు ఇక్కడ.”

డానియేలుకు ఇదే మొదటి సినిమా. మొఘల్‌పురా గల్లీలో నానమ్మ ఆగమ్మ చేతుల్లో పెరిగిన పిల్లవాడు. ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేసేది. చర్చిలో ఓ పాత ఫిడేలు మూలన పడి ఉంటే, పాస్టరుగారిని అడిగి తెచ్చి వీడి చేతికిచ్చింది. ఏడేళ్లవాడు దాన్ని రంపంలా కోస్తుంటే ఎవరూ తలుపులు వేసుకోలేదు పాపం. ఎదురింటి సూర్యప్రభ మాత్రం, “ఆగమ్మా, మీ మనవడు పిల్లినెందుకు కొడుతున్నడు?” అని అడిగేది. అడిగి, వాడికోసం తెచ్చిన అటుకుల గిన్నె అరుగు మీద పెట్టి పోయేది. ఆ అటుకుల రుచి డానియేలు ఈనాటికీ మరిచిపోలేదు.

బుధవారం మధ్యాహ్నం నానమ్మ దగ్గరికి అన్నానికి వచ్చాడు. ముద్ద దిగడం లేదు.

“ఏందిరా, చారు గట్లనే ఉన్నది?”

“దయ్యానికి గొంతు దొరుకుతలేదు నానమ్మా.”

“దొరకకపోతే పాయె. మూగదయ్యాన్ని పెట్టుకోరాదు?”

“నవ్వకు. సినిమా పోతది.”

ఆగమ్మ గరిటె కింద పెట్టింది. “ఫికర్ చెయ్యకు బిడ్డా. ఫిడేలు ఇచ్చిన దేవుడు గొంతు గూడ ఇస్తడు. ఇన్నేండ్లల్ల మనల్ని ఒక్కనాడన్న...”

మాట సగంలోనే లేచి వాకిట్లోకి పోయింది. ఆమెకది మామూలే, ఒక పనిలో ఉండగా ఇంకో పని. డానియేలు మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని వాకిలి వైపు చెవి పెట్టి ఉండిపోయాడు. చెయ్యి కడుక్కుని బండెక్కినవాడు రెండు రోజులు మళ్లీ కనపడలేదు.

స్టూడియోలో వయొలిన్లన్నిటినీ ఇంటికి పంపేశాడు. పొట్ట పెద్దగా ఉండే చెల్లో వాద్యాలు నాలుగు ఉంచుకున్నాడు. ఒక పెద్ద డోలు తెప్పించాడు. పెళ్లి బ్యాండులో ట్రాంబోన్ ఊదే శివయ్యను, ఆయన జట్టునీ పిలిపించాడు.

“స్వరం వద్దన్నా. గొట్టంల నుంచి ఉత్త గాలి పోవాలె.”

“ముప్పై ఏండ్ల సంది స్వరం కోసమే ఊదుతున్న భాయ్. గిప్పుడు వద్దంటవా?” అన్నాడు శివయ్య. అన్నాడే గాని, దవడలు నొప్పిపుట్టేదాకా ఊదాడు.

మొదట ఎక్కడో అడుగు నుంచి గురక. దాని మీద పొడుగాటి బుస. తర్వాత డోలు మీద మూడు వెక్కిళ్లు. ఆపైన ఏమీ లేదు, నిశ్శబ్దం.

ఆదివారం గల్లీ చివర హాలులో తెర కట్టారు. ఇల్లిల్లూ తిరిగి పిలిచే పని ఆగమ్మది.

“ఇయ్యాల నల్లా రోజు గద ఆగమ్మా,” అంది సూర్యప్రభ. “నీళ్లు ఎన్నింటికి ఇడుస్తరో ఎవరికెరుక? తప్పితే మళ్ల ఎల్లుండే.”

“నాలుగడుగుల దూరంల హాలు. పోరని బతుకు సంగతి సూర్యప్రభా.”

“నీ మనవడంటే నాకు మనవడు కాడా? వస్త తియ్యి. కానీ నేను దయ్యాలకు జడువను, ముందే చెప్తున్న. మా అత్తతోని పదేండ్లు కాపురం చేసిన.”

నలభై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి కుర్చీల్లో సర్దుకున్నారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి దీపాలార్పారు. తెర మీద పచ్చటి నీళ్లు, నాచు పట్టిన తలుపులు, ఊగుతున్న ఒక ఖాళీ ఊయల. వెనక నిలబడ్డ డానియేలు అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

గురక మొదలైంది. ఆ సీను వందసార్లు చూసిన జగదీశ్వరే ముందున్న కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. బుస లేచింది. మొదటి వెక్కిలికి ఆగమ్మ లేచి నిలబడింది. రెండో దానికి సూర్యప్రభ కుర్చీ వెనక్కి పడింది. మూడో దానికి ఎవరో “ఉరుకుండ్రి” అన్నారు. అంతే, ఆడవాళ్లంతా ఒకరినొకరు తోసుకుంటూ తలుపులో నుంచి బయటపడ్డారు. ఒక్కరూ చెప్పులు తొడుక్కోలేదు. నిమిషంలో హాలు ఖాళీ.

జగదీశ్వర్ గబగబా డానియేలు దగ్గరికి వచ్చాడు.

“ఇరవై ఏళ్లలో ఇలాంటిది చూడలేదయ్యా. నా చెయ్యి చూడు, వెంట్రుకలెలా లేచాయో. ఎక్కడ పట్టావా గొంతు?”

“చిన్నప్పటి నుంచి వింటున్నదే సార్. అది వినపడితే మా గల్లీలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి పరుగెత్తుతారు.”

“పాపం, అంత భయంలో పెరిగావా?” జగదీశ్వర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. “సినిమా నీదే. నీ గల్లీవాళ్లకు నా దండాలు చెప్పు.”

డానియేలు కళ్లు తుడుచుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. చెప్పుల గుట్టలో నానమ్మవి, మడమల దగ్గర అరిగిపోయినవి, వెతికి చేతిలోకి తీసుకున్నాడు. ఇలాంటి చెప్పులతోనే కదా ఆ రోజు ఫిడేలు కోసం చర్చికి నడిచిపోయింది అనిపించింది. వాటిని ఆమె కాళ్లకు తనే తొడిగి, మాట చెబుదామని ఎండలో ఇంటికి నడిచాడు.

ఆగమ్మ వాకిట్లో నల్లాకు చెవి ఆనించి గొంతుక్కూర్చుని ఉంది. డానియేలు నోరు తెరవబోతే, వేలు పెదవుల మీద పెట్టి ఆగమంది. ఎదురింట్లో సూర్యప్రభదీ అదే వాలకం.

గల్లీ పొడుగునా నల్లాల కింద ఖాళీ బిందెలు ఎదురుచూస్తున్నాయి.