మాట్లాడే స్పీకర్

ఎలక్ట్రీషియన్ ఆ మాట్లాడే స్పీకర్‌ను వాపసు పంపడానికి అట్టపెట్టెలో సర్దుతున్నాడు. వారం క్రితం తన అమ్మ కోసమే కొన్నాడు.

“ఒట్టి దండగమారి సరుకమ్మా. నువ్వు పాట పెట్టమంటే వాతావరణం చెబుతుంది. వార్తలు అడిగితే ‘క్షమించండి, మీ మాట అర్థం కాలేదు, మళ్లీ చెబుతారా?’ అంటుంది. రివ్యూలో ఒక్క స్టారే ఇస్తా.”

“ఉంచరా, నాకు బాగుంది,” అంది అమ్మ.

“ఏం బాగుంది? పొద్దస్తమానం ‘క్షమించండి’ అని అదే పాటేగా!”

“ఆ పాటే బాగుంది.”

అతను నవ్వుతూ టేపు లాగాడు. “మాట్లాడాలంటే ఇంట్లో మేం లేమా?”

“ఎందుకు లేరు? నోరు తెరిస్తే ‘నీకు తెలీదులే’ అంటారు మీ నాన్న. ‘తర్వాత చెప్పమ్మా’ అని నువ్వు ఫోన్లో తల దూరుస్తావు. నా మాట అర్థం కానందుకు క్షమించమని అడిగింది ఈ ఇంట్లో ఇదొక్కటేరా.”

అతని చేతిలో టేపు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

“పొద్దున ఏదో చెప్పబోయావు. ఏంటమ్మా?”

“ఏం లేదురా, ఎడమ కన్ను మసకేస్తోంది.”

“అయ్యో, ఎప్పట్నుంచి?”

“నీకు మొదటిసారి చెప్పి రెండు నెలలైంది.”