కలిపిన మందు

"డబ్బా ఇలా ఇవ్వమ్మాయ్!"

"ఇవ్వను మావయ్యా."

కోళ్ళ షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది కోడలు. చంకలో మందున్న ఐసు డబ్బా. కోడిపిల్లల కళ్ళలో చుక్కలు వేయడానికి వచ్చిన కూలీ ఆడవాళ్ళంతా బయటే ఆగి చోద్యం చూస్తున్నారు. మామగారికి తల కొట్టేసినట్టయింది. ఆ షెడ్డులో ఆయన మాటే శాసనం మరి!

"అది కలిపిన మందే! ఆలస్యమైతే చెడిపోతుంది, పారబోసుకోవడమే. కొక్కెర తెగులొస్తే ఒక్క పిల్ల మిగలదు!"

"ఈ చుక్క తెగుల్ని ఆపుతుందంటారా?"

"ఆపకపోతే ఇన్నేళ్ళు నా కోళ్ళెలా బతికాయి?"

"మరి మన పాపకి తట్టు సూది వద్దన్నారేం? పక్క వీధి పిల్లాడు తట్టుతో ఆస్పత్రిలో పడున్నాడు."

"అది వేరు! ఆ సూదితో పిల్లలు మొద్దుల్లా తయారవుతారట. ఫోన్లో ఎవరో డాక్టరే చెప్పాడు."

"ఎవరా డాక్టరు? పేరేంటి?"

మామగారు డబ్బా కోసం చెయ్యి చాచాడు. "ఎవడైతే నీకెందుకు? కోడీ మనిషీ ఒకటా?"

"కాదు. కోడి పోతే ఇంకోటి కొంటారు. పిల్ల పోతే ఎక్కడ కొంటారు? అయినా రెండు మందులూ చేసేది ఒకటే పని. రోగం రాకముందే దాంతో పోరాడ్డం ఒంటికి నేర్పుతాయి. మీకు తెలియనిదా?"

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మామగారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కానీ ఏం లాభం? డబ్బాలో ఐసు కరుగుతోంది. లోపల కోడిపిల్లలు కియ్యోమంటున్నాయి. కోడలు చూస్తే కొండలా కదలదాయె.

"సరే తల్లీ! సూది మంచిదే. నేనే వినకూడని మాట విన్నాను. చాలా?"

"వెనకున్నవాళ్ళకి వినబడలేదు మావయ్యా."

"సూది మంచిదే!" షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. "నేను చెప్పింది తప్పు!"

కోడలు పక్కకి తప్పుకుని డబ్బా చేతికిచ్చింది. ఆయన దాన్ని లాక్కుని ఉక్రోషంగా అన్నాడు. "గెలిచావుగా! ఇంకా నిలబడతావేం? సూదులు వేయడానికి ఊళ్ళోకొచ్చిన నర్సు వెళ్ళిపోకముందే పాపని తీసుకెళ్ళు."

"పాపకి పోయిన నెలే వేయించాను," అంది కోడలు, కూలీ ఆడవాళ్ళ వైపు తిరుగుతూ. "మీ మాట నమ్మి సూది వేయించనిది వీళ్ళ పిల్లలకే."