కనకలక్ష్మి గారి ఫిర్యాదులు

"మళ్ళొచ్చింది చూడమ్మా," అంటూ దేవరాజు కవరును బల్ల మీద పడేశాడు.

పుప్పాలగూడ అవతల, అద్దాల భవనాల వెనక ఇంకా మిగిలి ఉన్న కంకర క్వారీ ఆయనది. కవరు విప్పిన అమ్మాయి రసజ్ఞ, ఆ క్వారీలో అయిదు నెలల కిందట చేరిన ఇంజనీరు. కవరు పంపింది కనకలక్ష్మి గారు. క్వారీకి దిగువన లేచిన అపార్ట్‌మెంట్లలో నాలుగు వందల రెండో నంబరు ఫ్లాట్ ఆవిడది. కాకినాడలో ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ కాగితానికి ఎవరు భయపడతారో ఆవిడకు బాగా తెలుసు.

రసజ్ఞ పైకి చదివింది.

"వాన పడితే మీ రాతిపొడి, మట్టి కొట్టుకొచ్చి మా సెల్లారులో చేరుతున్నాయి. అక్కణ్ణించి పక్కనున్న కుంటలోకి పోతున్నాయి. గుట్ట పైనుంచి దిగే వాన నీరు క్వారీలోకి రాకుండా చుట్టూ కాలువ తవ్వి పక్కకు మళ్ళించండి. క్వారీలో పడిన నీటిని రెండు గుంటల్లో నిలవబెట్టి, మడ్డి అడుక్కి దిగాక, తేరిన నీటిని మాత్రమే బయటికి వదలండి. నకలు: కాలుష్య నియంత్రణ మండలికి."

దేవరాజు నెత్తి గోక్కున్నాడు. "ముసలామెకు గిన్ని సంగతులు ఎట్ల తెలుస్తున్నయి?"

"ఇంట్లో ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఉండి ఉంటారు సార్."

"నువ్వు గూడ చదువుకున్నవ్ గద. నువ్వెప్పుడన్న గిట్ల చెప్పినవా?"

చెప్పింది. చేరిన కొత్తలో రెండుసార్లు వాన సంగతి ఎత్తింది. "ఫికర్ జెయ్యకు, వాన సంగతి ఆ దేవుడే చూస్కుంటడు," అని ఆయన టీ తెప్పించాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుచేయడం బాగుండదని రసజ్ఞ ఊరుకుంది.

వారం తిరక్కుండానే కనకలక్ష్మి గారు స్వయంగా వచ్చారు. ముసురు పడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బురదనీళ్ళు నింపిన సీసా. తిన్నగా రసజ్ఞ ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఏవమ్మా, ఇక్కడి ఇంజనీరువి నువ్వేనా?"

"అవునండీ."

"ఇదేమిటనుకుంటున్నావు? టీ కాదు, మా సెల్లారులో నీళ్ళు. నీకు బుద్ధి చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారండీ."

"ఉండి ఏం లాభం? నేనైతేనా, ఆ కాలువ తవ్వేదాకా అన్నం పెట్టను!"

ఆవిడ గొంతు గదిలో ఉన్న దేవరాజుకే కాదు, క్రషర్ దగ్గర పనివాళ్ళకు కూడా వినిపించింది. రసజ్ఞ తల వంచుకుని నిలబడింది. ఆవిడ వెళ్ళిపోయాక దేవరాజు నెమ్మదిగా బయటికి వచ్చాడు.

"పరేషాన్ గాకమ్మా. రేపే జేసీబీ పిలుస్త. పాపం, నా మూలంగ నువ్వెందుకు తిట్లు తినాలె?"

కాలువ పడింది. గుంటలు తయారయ్యాయి. మరో కాగితం వచ్చింది, తవ్వి పోసిన మట్టి దిబ్బను మెట్లుమెట్లుగా కోసి గడ్డి నాటాలని. "రాళ్ళ యాపారం జేస్తున్ననా, గడ్డి యాపారమా?" అని దేవరాజు గొణిగాడు. గొణుగుతూనే నాటించాడు. ఇంకో కాగితం వచ్చేసరికి డీజిల్ డ్రమ్ములు రేకుల కిందికి చేరాయి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. మూడు గంటల పాటు తెరిపి లేదు. ఆఫీసుల ముందు రోడ్ల మీద కార్లు తేలుతున్నాయని ఫోన్లలో వీడియోలు. దేవరాజు గుండె మట్టి దిబ్బ దగ్గరే ఉంది. దాని కిందే పనివాళ్ళ గుడిసెలు. వాన కాస్త తగ్గగానే రసజ్ఞను వెంటబెట్టుకుని పరుగెత్తాడు.

దిబ్బ కదల్లేదు. గడ్డి తడిసి పచ్చగా మెరుస్తోంది. మొదటి గుంటలో ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. రెండో గుంట చివర తూములోంచి బయటికి పోయే నీటిలో అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి.

గుడిసె గుమ్మంలో యాదమ్మ పొయ్యి వెలిగిస్తోంది. పదేళ్ళుగా అక్కడే కంకర మోస్తున్న మనిషి.

"పోయినేడు గింత వానకు మోకాళ్ళ దాక బురదొచ్చె సారూ. పోరగాండ్లను నెత్తిన పెట్టుకొని ఉరికినం. గీసారి పొయ్యి గూడ తడవలే."

దేవరాజు జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. ముఖం మీద ఉన్నది వాన నీరేనని రసజ్ఞ అనుకుంది.

సాయంత్రం రసజ్ఞను కార్లో ఎక్కించుకుని, దారిలో ఆపి కిలో మిఠాయి కొన్నాడు. డబ్బా రసజ్ఞ చేతిలో పెట్టాడు.

"నాలుగు వందల రెండుకు పోయి ఇచ్చిరా. నేనిచ్చిన అని చెప్పు."

"మీరే రావచ్చు కదా సార్?"

"అమ్మో, నాతోని గాదు. ఆమె నోటికి నేను జవాబియ్యలేను. నీకైతే జర అలవాటైంది."

"మళ్ళీ తిడితే?"

"తిడితే పడు తల్లీ. ఆమె తిట్టవట్టే గద ఇయ్యాల అందరం బతికినం. నమస్తే పెట్టి, జర మంచిగ మాట్లాడి రా."

అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఆమెను దించి, ఆవిడ బాల్కనీలోంచి చూస్తుందేమోనన్న భయంతో దేవరాజు కారును వెంటనే తిప్పుకుని వెళ్ళిపోయాడు.

రసజ్ఞ లిఫ్టులో నాలుగో అంతస్తుకు చేరి, బెల్ కొట్టకుండా హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, "అత్తయ్యా, స్వీట్లు తర్వాత తిందురు గాని, ముందు పెన్ను తీసుకోండి, టిప్పర్ల చక్రాలు కడిగే సంగతి చెబుతాను, రాద్దురు గాని," అంది.