మోటారు గొంతు

"పడవ ఎంత పొడుగుంటాదప్పా?" అడిగాడు బాలప్ప.

చెన్నప్ప చేతులు చాపి చూపించాడు.

"ఎంతమంది ఎక్కుతారు?"

"ఎవురూ ఎక్కరన్నా. నేనొక్కన్నే."

"దినానికి ఎంతసేపు తిప్పుతావు?"

"పొద్దున కొంచేపు. సాయంత్రం కొంచేపు."

బాలప్ప తలెత్తి చూశాడు. హొస్పేటలో పాత పడవ మోటార్లు కొని, బాగుచేసి, అమ్ముతూ తల నెరిసినవాడు. ఇంత తక్కువ ఆశ ఉన్న గిరాకీ ఆయనకు ఎప్పుడూ తగల్లేదు.

చెన్నప్ప గోనెసంచి విప్పి, రాయదుర్గం నుంచి బస్సు టాపు మీద వేసుకొచ్చిన మోటారు ముందు పెట్టాడు. బాలప్ప మూత తీశాడు. వాసన చూశాడు. మళ్ళీ మూసేశాడు.

"ఇది చెడిపోయిన మోటారు కాదు, చెడగొట్టిన మోటారు. లోపలంతా మాడిపోయుండాది. ఎవురు తిప్పినారు దీన్ని?"

"నేనే" అన్నాడు చెన్నప్ప తల దించుకుని.

ఆ మోటారు వాళ్ళ నాయనది. డెబ్బైల మొదట్లో, వాళ్ళ ఊరి డ్యాము మీద అందరూ చెమటలు కారేలా తెడ్లేసుకుంటూ పోయే రోజుల్లో, తన పడవకు మోటారు బిగించిన మొదటి మనిషి ఆయనే. అప్పట్నుంచి ఆయన మోటారు గంగాధరప్ప అయిపోయాడు. కొడుకు పెళ్ళి పత్రికలో కూడా అట్లాగే అచ్చు వేయించుకున్నాడు మహానుభావుడు.

రెండేళ్ళ కిందట డ్యాము కట్ట మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచాన పడినరోజే కొడుకును పిలిచి, "మన బువ్వ ఆ మోటారేరా. జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

మంచం దిగలేని మనిషికి ఆ చప్పుడే లోకమైంది. కట్ట అవతల మోటారు మోగితే చాలు, లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కోడలు పెట్టిన సంగటి తినేవాడు. "ఈ పొద్దు ఇంజను గొంతు బాగుండాది" అని మెచ్చుకునేవాడు. చేపలెన్ని పడ్డాయని మాత్రం ఏనాడూ అడగలేదు. ఆ అడగకపోవడమే చెన్నప్పకు మేలైంది.

పోయిన నెల ఆ గొంతు ఆగిపోయింది. ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంటోంది.

"రిపేరుకు పోయింది నాయనా" అన్నాడు చెన్నప్ప. చెప్పిన అబద్ధం అదొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. కన్నతండ్రికి ఎదురుపడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

రామాంజినమ్మ మొగుణ్ణి ఊరికే వదల్లేదు.

"ఇంట్లో గింజల్లేవు. ఉండే రెండు మేకలమ్మి మోటారు తెస్తావా? మామకు నిజం చెప్పేయరాదా?"

"చెప్తే ఆ పొద్దే పోతాడే."

"చెప్పక నువ్వు చస్తాండావు గదా దినమూ!"

అంత మాట అన్న మనిషే పొద్దున్నే లేచి మేకల తాళ్ళు విప్పి అతని చేతికిచ్చింది. అదింకా ఎక్కువ గుచ్చుకుంది అతనికి.

బాలప్ప ఒక చిన్న మోటారు తుడిచి చూపించాడు.

"ఇది తీసుకోప్పా. తేలిక. పెట్రోలు తక్కువ తాగతాది. చప్పుడు కూడా మెత్తగుంటాది."

"మెత్తన వద్దన్నా. మోగాల."

కొట్టు వెనకే కాలువ. నిండుగా పారుతున్న ఆ నీళ్ళను చూస్తూ చెన్నప్ప కాసేపు అట్లాగే నిలబడిపోయాడు. బాలప్ప ఒక్కో మోటారే అక్కడున్న పడవకు బిగించి తాడు లాగాడు. చెన్నప్ప దగ్గరికి రాలేదు. దూరంగా గోడ చాటుకు పోయి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది కాదు" అన్నాడు. మరొకటి. "ఇదీ కాదు."

ఆఖరికి మూలన పడి ఉన్న ఒక తుప్పుపట్టిన బండమోటారు డుగడుగమంటూ లేచింది. గోడ చాటు నుంచి చెన్నప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేన్నా! ఇదే ఇయ్యి!"

"ఏమప్పా, మతి ఉండాదా లేదా? ఎవురైనా చూసి కొంటారు. నువ్వు గోడ చాటున నిలబడి కొంటాండావే! దీనికి తాగుడెక్కువ, పరుగు తక్కువ."

"పరుగుతో నాకేం పనిలేన్నా" అన్నాడు చెన్నప్ప.

మర్నాడు పొద్దున కట్ట అవతల మోటారు మోగింది. పాతదానికీ దీనికీ తేడా తెలియకూడదని దేవుడికి మొక్కుకుంటూ తిప్పాడు చెన్నప్ప.

ఇంటికొచ్చేసరికి ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్ళెం ఖాళీగా ఉంది. రామాంజినమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. సంతోషపడాల్సిన చెన్నప్పకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంత నమ్మిన మనిషిని ఇంకెన్నాళ్ళు మోసం చేయాలి? మొత్తం చెప్పే ధైర్యం లేదు. కనీసం సగమైనా చెప్పేయాలనుకుని మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

"నాయనా, ఇది నీ మోటారు కాదు. నీదాన్ని నేనే కాల్చేసినాను."

గంగాధరప్ప కొడుకు తల మీద చెయ్యి వేశాడు.

"తెలుసులేరా" అన్నాడు. "ఎండిపోయిన డ్యాములో వట్టి నేల మీద తిప్పితే ఇదీ కాలిపోతాది, రేపట్నుంచి నీళ్ళ డ్రమ్ములో దించి తిప్పు."