ఓనరుగారి గొంతు

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు పొద్దున్నే మెట్లు దిగి వచ్చి నా తలుపు బాదాడు.

"నా గొంతు నీ పాటలోకి ఎలా వచ్చిందిరా?"

"పైనుంచి రోజూ మీరే పంపిస్తున్నారు కదండీ. నేను రికార్డు చేసుకున్నానంతే."

స్పీకర్లు బాగుచేసుకు బతికే నేను, ఈ వయసులో సొంతంగా ఒక డ్యాన్సు పాట కట్టి జనం మీదికి వదిలాను. మధ్యలో దరువు ఆగిపోతుంది. "ఆపరా ఆ గోల!" అని ఓనరు అరుస్తాడు. వెంటనే రెట్టింపు దరువు విరుచుకుపడుతుంది. వారం తిరక్కుండా ఊరంతా ఆ అరుపు అరుస్తూ గెంతుతోంది. నిన్న బస్సులో ఆయన ఎవరిమీదో నోరు చేసుకుంటే, గొంతు గుర్తుపట్టి జనం చిందేశారట.

"పాట తీసేస్తావా, ఇల్లు ఖాళీ చేస్తావా?"

"ఇల్లే ఖాళీ చేస్తా. పాట మాత్రం చచ్చినా తియ్యను."

ఆయన వెనకాలే దిగివచ్చిన భార్య నా ఫోను అందుకుంది. ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కడ నొక్కాలి, తమ్ముడూ?"

పాటని ఆ అరుపు దగ్గరికి జరిపి, చూపించాను. నొక్కింది. ఫోనులో ఆయన "ఆపరా" అన్నాడు. మళ్లీ బొటనవేలితో నొక్కింది. గొంతు టక్కున ఆగిపోయింది. ఇంకోసారి అరిపించి, ఇంకోసారి ఆపింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"పెళ్లయిన ఇన్నేళ్లకి ఈయన్ని ఆపగలిగాను," అంది. "పాటా ఉంటుంది, తమ్ముడూ ఉంటాడు."

ఓనరు నోరు తెరిచాడు.

ఆవిడ ఫోను పక్కన పెట్టి, బొటనవేలు ఆయన వైపే చాచింది.

ఆయన నోరు మూసుకున్నాడు.