విమానమంటే భయం

"మేం పిలిచింది ఈ భూమేష్‌నే కదా? విమానమంటే ఈయనకు భయమని చెప్పి, రెండుసార్లూ మా దేశానికి మీరే వచ్చారు!"

వియత్నాం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ పక్కనున్న గంగాదాస్ సార్‌ని ఇంగ్లీషులో నవ్వుతూ అడిగింది. ఆర్మూర్ మార్కెట్లో పసుపు రాశి ముందు కూర్చుని శాంపిల్ కొమ్ములు ఏరుతున్న ల్యాబ్ అసిస్టెంట్ భూమేష్ చెయ్యి ఆగిపోయింది.

"మేడం ఏమంటున్నది సార్?"

యూనివర్సిటీలో అతని పైఅధికారి గంగాదాస్ సార్ తడుముకోలేదు. "మన పసుపు మస్తుగున్నదంటున్నది తమ్మీ."

లోపలి రంగు చూసే బేరగాడిలా భూమేష్ చేతిలో కొమ్మును టక్కున విరిచాడు. పన్నెండేళ్లు దుబాయి హోటల్లో చేసినవాడికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నాడు, పాపం, సార్!

"నాకే భయమూ లేదు మేడం," అన్నాడు ఇంగ్లీషులోనే. "మీరు నన్ను పిలిచారని ఇప్పుడే తెలిసింది."

ఆమె నవ్వు ఆగిపోయింది. సార్ వైపు చూసింది. సార్ పసుపు వైపు చూశాడు.

"వీసా కోసమని నా పాస్‌పోర్టు తీస్కుంటిరి గద సార్. స్టాఫోళ్లకు మంజూరు కాలే, వచ్చే ఏడు సూద్దామంటిరి."

"గది నా బీరువాల భద్రంగున్నది తమ్మీ. ఫికర్ జెయ్యకు."

భూమేష్ విరిగిన కొమ్మును రాశి మీదికి విసిరేశాడు.

"దుబాయిల మా సేఠు గూడ నా పాస్‌పోర్టు బీరువాలనే పెట్టుకున్నడు సార్. గని వాడు ఒక్కనాడన్న నన్ను తమ్మీ అని పిల్వలే."