ఆఖరి ఉద్యోగి

ఛైర్మన్ జీతం కంపెనీలోని ఆఖరి ఉద్యోగి జీతానికి వెయ్యి రెట్లు దాటకూడదని చట్టం వచ్చింది. దాంతో విశాఖలోని ఆ పెద్ద కంపెనీ స్వీపర్లందరినీ కాంట్రాక్టుకు మార్చేసి, చీటీ తీసి పైడితల్లి ఒక్కదాన్నే పర్మినెంటుగా ఉంచుకుంది. అప్పట్నుంచి ఛైర్మన్‌కి పెరగాలంటే ముందు పైడితల్లికి పెరగాలి.

పదకొండేళ్లుగా సూరీడమ్మ ఆమె పక్కనే అదే వరండా ఊడుస్తోంది. ఛైర్మన్‌ని ఎన్నడూ చూడలేదు గనుక ఆయన జీతం ఆమెను ఎప్పుడూ బాధపెట్టలేదు. పైడితల్లి మెడలోని కొత్త బంగారు పలకసర్లు మాత్రం వంగి ఊడ్చినప్పుడల్లా కళ్ల ముందే ఊగుతున్నాయి.

"ఈ ఏడు కూడా పెరిగితే ఫ్లాటు కొనేస్తాను వొదినా. నా పాత ఫ్రిజ్జు నీకే ఇచ్చేస్తాన్లే," అంది పైడితల్లి ప్రేమగా.

"నీకేటమ్మా, మారాణివి," అంది సూరీడమ్మ. ఆ ఫ్రిజ్జు మాట ఆమె గొంతులో ముల్లులా దిగింది.

మధ్యాహ్నం ఛైర్మన్ జీతం పెంపు మీద, చట్టం ప్రకారం కాంట్రాక్టువాళ్లతో సహా పనివాళ్లందరి ఓటు. ఏటా గోడమీది తెరపై 'సరే' నొక్కి పోయే సూరీడమ్మ ఈసారి 'వద్దు' నొక్కింది.

సాయంత్రానికి పెంపు ఓడిపోయింది. నాలుగు వందల మంది కాంట్రాక్టు స్వీపర్లూ 'వద్దు' అనే నొక్కారట. శ్రామికులు మేల్కొన్నారని టీవీలో నాయకులు పొంగిపోయారు.

"మనోళ్లకి ఛైర్మనంటే అంత కోపమేటి వొదినా?" అని పైడితల్లి దిగులుగా అడిగింది.

"మరుండదేటి?" అంది సూరీడమ్మ, ఆమె మెడవైపు చూడకుండా.